మిన్స్‌మియర్‌లో గూళ్ల కాలం

ఇప్స్‌విచ్‌లో లోవెస్టాఫ్ట్ రైలు ఎక్కితే కుడివైపు కిటికీ పక్కన కూర్చోండి. వుడ్‌బ్రిడ్జ్ వచ్చేసరికి డెబెన్ నది పట్టాల అంచుదాకా వచ్చేస్తుంది. సముద్రం పోటు మీద ఉంటే నది నిండా నీళ్లుంటాయి, ఆటు మీద ఉంటే మెరిసే బురద. మేం వెళ్లిన ఉదయం బురదే ఉంది. పడవలన్నీ పక్కకు ఒరిగి ఉన్నాయి. వాటి మధ్య తెల్లకొంగ ఒకటి నింపాదిగా నడుస్తోంది. మన చెరువుగట్ల మీద, వరి మళ్లలో కనిపించే చిన్న తెల్లకొంగే. ఇంత దూరం వచ్చాక మొదట కనిపించింది మన ఊరి పిట్ట కావడం నాకు భలే సంతోషంగా అనిపించింది.

"ఇక్కడివాళ్లకి ఇది కొత్త చుట్టం అత్తా. 1996కి ముందు ఇంగ్లండులో ఇది గూడు పెట్టిందే లేదు" అంది మా మేనకోడలు. తను ఇప్స్‌విచ్‌లో ఆస్పత్రిలో పనిచేస్తుంది. మే నెల మొదట్లో సెలవు పెట్టి, "లండన్ అందరూ చూస్తారు. నిన్ను పక్షులు పిల్లల్ని చేసే చోటికి తీసుకెళ్తా" అని బయల్దేరదీసింది.

నాది గుంటూరు. ఉప్పలపాడు చెరువులో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు గూళ్లు పెట్టడం ఎన్నో ఏళ్లుగా చూస్తున్నదాన్ని. అక్కడ గట్టు మీద నిలబడితే చాలు, తలెత్తితే గూళ్లే. కంపచెట్ల మీద ఒకదాని పక్కన ఒకటి, పిల్లల గోల, రెట్టల వాసన, ఎదురుగా ఊళ్లో జనం తిరుగుతూనే ఉంటారు. పక్షుల కోసం రైలెక్కి, టాక్సీ ఎక్కి, టిక్కెట్టు కొనుక్కుని వెళ్లడం నాకు అదే మొదలు.

డార్షమ్ అనే చిన్న స్టేషన్లో దిగాం. టీ కేక లేదు, సమోసాల బుట్ట లేదు, దిగినవాళ్లం మేమూ, సైకిల్ పట్టుకున్న ఒకాయనా. స్టేషన్ పక్కనే రైల్వే గేటు. గేటు ఎత్తగానే కార్లు కదిలిపోయాయి, మళ్లీ నిశ్శబ్దం. ముందే మాట్లాడి పెట్టుకున్న టాక్సీ వచ్చింది. అది లేకపోతే అక్కడి నుంచి నడకే గతి, అయిదు మైళ్ల దాకా ఉంటుంది. మీరు వెళ్లేటప్పుడు టాక్సీ ముందు రోజే చెప్పి ఉంచుకోండి. మన దగ్గరలా స్టేషన్ బయట ఆటోలు బారులు తీరి ఉండవు.

దారిలో వెస్టల్‌టన్ అనే ఊరు. ఊరి మధ్య పచ్చిక బయలు, దాని అంచున బాతుల చెరువు. ఆ ఊరి చర్చికి గడ్డికప్పు ఉంది. చర్చికి గడ్డికప్పు ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు. డ్రైవర్ని కాసేపు ఆపమని దిగి చూశాను. మందంగా పరిచి, అంచులు కత్తిరించి, ఎంత శ్రద్ధగా నేశారో. ఈ సముద్రతీరపు చిత్తడినేలల్లో పెరిగే రెల్లుతోనే ఇక్కడ తరతరాలుగా ఇళ్లు కప్పుకుంటున్నారట. కొల్లేరులో కిక్కిస అంటామే, దానికి ఇది సొంత చెల్లెలు. మేం చూడబోయే మిన్స్‌మియర్‌లో కనుచూపు మేర ఉండేది ఈ గడ్డే.

మిన్స్‌మియర్ సఫక్ జిల్లాలో, ఉత్తర సముద్రం ఒడ్డున ఉంది. వెయ్యి హెక్టార్లకు పైబడిన చోటు. ఒక పక్క అడవి, ఒక పక్క హెదర్ పొదల బంజరు, మధ్యలో రెల్లు, దాని అంచున ఉప్పునీటి మడుగులు, ఆ పైన గులకరాళ్ల ఒడ్డు, సముద్రం. దీన్ని చూసుకునేది ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షుల రక్షణ సంఘం. 1889లో ఆడవాళ్లు మొదలుపెట్టిన సంఘమిది. అప్పట్లో దొరసానుల టోపీలకు పక్షి ఈకలు గుచ్చుకోవడం గొప్ప ఫ్యాషన్. ఆ ఈకల కోసం లక్షల పక్షుల్ని చంపేవారు. మన దేశపు కొంగల ఈకలు కూడా లండన్ వేలంపాటల్లో అమ్ముడుపోయేవి. అది చూడలేని కొందరు స్త్రీలు, మేం ఈకల టోపీలు పెట్టుకోం అని ఒట్టేసుకుని సంఘం పెట్టారు. పొద్దున నదిలో చూసిన తెల్లకొంగ గుర్తొచ్చింది. ఏ ఈకల కోసం దాని జాతిని వేటాడారో, ఇప్పుడు అవే ఈకలు ఒంటి మీద ఉంచుకుని అది ఇక్కడ గూడు కట్టుకుంటోంది.

టిక్కెట్ల గది పక్కనే ఇసుకగోడ ఒకటి ఉంది. దాని నిండా బొరియలు. ప్రతి బొరియలోకీ చిన్న గోధుమరంగు పిట్టలు దూసుకెళ్తున్నాయి, బయటికి దూకుతున్నాయి. ఇసుక పిచుకలనొచ్చు వీటిని, ఇంగ్లీషులో సాండ్ మార్టిన్లు. ఆఫ్రికాలో సహారా దిగువ నుంచి ఎగిరొచ్చి, ఈ గోడలో కాళ్లతో ఇసుక తవ్వుకుంటూ ఇంచుమించు చేతి పొడవు సొరంగం చేసుకుని, దాని చివర గుడ్లు పెడతాయి. గుప్పెట్లో ఇమిడిపోయే పిట్ట సముద్రాలూ ఎడారీ దాటి వచ్చి, వచ్చీ రాగానే గోడ తవ్వడం మొదలుపెడుతుంది. అక్కడే అరగంట నిలబడిపోయాను. లోపలికి వెళ్లిన పిట్ట ఏ బొరియలోంచి వస్తుందో కనిపెట్టాలని చూశాను. ఒక్కదాన్నీ పట్టుకోలేకపోయాను. మా పక్కన ఒక చిన్నపాప కూడా అదే ఆట ఆడుతోంది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నాం.

అక్కడి నుంచి అడవి దారి పట్టాం. మన అడవులు ఎండాకాలంలో ఆకు రాల్చి ఎర్రమట్టి రంగులోకి వస్తాయి కదా. ఇక్కడ దానికి పూర్తిగా తిరగబడి ఉంది. చలికాలమంతా మోడుగా ఉన్న ఓక్ చెట్లకి అప్పుడే లేత ఆకులొస్తున్నాయి. కింద నేలంతా నీలి గంటపూలు. పొదలన్నీ తెల్లటి హాథార్న్ పూలతో నిండిపోయి ఉన్నాయి. పాట మాత్రం ఆగదు. ఒక చెట్టు మీద ఆగితే ఇంకో చెట్టు మీద మొదలు. ఏ పాట ఎవరిదో చెప్పడానికి నాకు ఒక్క పేరూ తెలియదు. అంతలో దూరంగా స్పష్టంగా రెండు స్వరాలు: కు-క్కూ. ఒక గడియారంలోంచి తప్ప బతికున్న పిట్ట గొంతులోంచి ఆ కూత నేను వినడం అదే మొదలు.

మన కోయిలకి ఇది దగ్గరి బంధువు. ఉగాది కోయిలలాగే ఇదీ సొంత గూడు కట్టదు. మన కోయిల కాకి గూట్లో గుడ్డు పెడితే, ఇది ఇక్కడి రెల్లులో ఉండే చిన్న పిట్ట గూట్లో పెడుతుంది. రీడ్ వార్బ్లర్ అంటారు దాన్ని. కొన్ని రెల్లు కాడల్ని కలిపి చుట్టి, వాటి మధ్య లోతైన గిన్నెలాంటి గూడు అల్లుతుంది. మన గిజిగాడు తాటాకుకు వేలాడదీస్తే, ఇది నీళ్ల మీద ఊగే కాడలకు కట్టుకుంటుంది. ఆ గూట్లో పొదిగిన కోయిల పిల్ల మిగతా గుడ్లను వీపుతో నెట్టేసి, చివరికి పెంచిన తల్లికంటే ఎన్నో రెట్లు పెద్దదై కూర్చుంటుంది. అయినా ఆ తల్లి మేత తెచ్చి నోట్లో పెడుతూనే ఉంటుంది.

ఆ అడవిలోనే దారి తప్పాం. కాలిబాటలన్నీ ఒకేలా ఉన్నాయి, ఫోన్లో సిగ్నల్ లేదు. మాకు కావలసింది ఐలండ్ మియర్ అనే పెద్ద మడుగు దగ్గరి గది. రెండు దారులు చీలినచోట నిలబడి ఎటు వెళ్లాలా అనుకుంటుంటే ఒక శబ్దం వచ్చింది. ఖాళీ కూజా మూతికి పెదవులానించి ఊదితే వస్తుందే, అలాంటిది. ఊం... అని ఒకటి. కాసేపటికి ఇంకోటి. నేల లోపలి నుంచి వస్తోందా, చెట్ల అవతలి నుంచా, తెలియలేదు. ఎటు తిరిగితే అటే ఉన్నట్టుంది. మా మేనకోడలు నా చెయ్యి పట్టుకుని, "అత్తా, బిట్టర్న్!" అంది. తను ఎన్నోసార్లు ఇక్కడికొచ్చినా దాని గొంతు వినడం అదే మొదటిసారట.

ఆ కూత పట్టుకుని నడిస్తే దారి ఇంకా తప్పిపోయాం. చివరికి ఎదురొచ్చిన ఒక పెద్ద వయసు జంట మమ్మల్ని ఆదుకున్నారు. ఆవిడ మెడలో బైనాక్యులర్లు, ఆయన భుజాన టెలిస్కోపు. దారి చెప్పి ఊరుకోలేదు, వెనక్కి తిరిగి మాతో పాటు నడిచారు. "బిట్టర్న్ కూత మూడు మైళ్ల దాకా వినిపిస్తుంది. దాన్ని నమ్ముకుని నడిస్తే ఎక్కడికీ చేరరు" అన్నాడాయన. నారాయణ పక్షి చుట్టమే బిట్టర్న్. గోధుమరంగు ఒంటి మీద ఎండురెల్లు చారలుంటాయి. ముక్కు ఆకాశం వైపు ఎత్తి నిలబడితే రెల్లులో రెల్లయిపోతుంది, గాలికి రెల్లు ఊగితే తనూ ఊగుతుంది. ఊదేది మగపక్షి. ఆడవి వచ్చి కలుస్తాయి, తర్వాత గూడు కట్టడం, పొదగడం, పెంచడం అన్నీ ఒంటరిగా చేసుకుంటాయి.

1997లో దేశం మొత్తం మీద ఊదే మగ బిట్టర్న్లు 11 మాత్రమే మిగిలాయని ఆవిడ చెప్పింది. రెల్లు ఏటేటా రాలి, కుళ్లి, పేరుకుంటూ పోతే నేల ఎత్తు పెరుగుతుంది, నీరు తగ్గుతుంది, చేపలు పోతాయి, బిట్టర్న్‌కి తిండి ఉండదు. అందుకని మిన్స్‌మియర్‌లో యంత్రాలు దింపి, పేరుకున్న మట్టి తీసి, నేలను మళ్లీ కిందికి దించారు. నీళ్లు నిలిచాయి, చేపలొచ్చాయి. ఇతర చోట్ల కూడా అలాగే చేశారు. ఇవాళ దేశంలో ఊదే మగ బిట్టర్న్లు రెండు వందలు దాటాయి. మన ఊళ్లలో ఎండాకాలం చెరువులో పూడిక తీస్తామే, అదే పని ఇక్కడ ఒక పక్షి కోసం చేశారు.

ఐలండ్ మియర్ దగ్గరి గదిని హైడ్ అంటారు. పక్షులకు మనం కనపడకుండా కూర్చుని చూసే చెక్క గది. లోపల బల్లలు, ఎదురుగా వెడల్పాటి కిటికీలు. ఇరవై మంది దాకా ఉన్నా ఒకరూ గట్టిగా మాట్లాడరు. ఉప్పలపాడులో టవరెక్కి పిల్లలు కేకలేస్తుంటారు, పక్షులు పట్టించుకోవు, వాటికి జనం అలవాటు. ఇక్కడి పక్షులు మనిషి నీడ పడితే చాలు, బెదిరి గూటి మీంచి లేచిపోతాయి. ఆ గదిలో కాసేపు కూర్చునేసరికి నా మాట కూడా దానంతటదే చెవిలో చెప్పే గుసగుస అయిపోయింది.

రెల్లు మీద ఒక పెద్ద గద్ద తక్కువ ఎత్తులో ఎగురుతోంది. మార్ష్ హారియర్. దీని జాతివి చలికాలంలో మన పులికాట్‌కీ కొల్లేరుకీ వస్తాయి. కానీ అక్కడ చూసేది వాటి వేటను మాత్రమే, ఇక్కడ సంసారాన్ని చూశాను. మగపక్షి కాళ్లలో ఏదో పట్టుకుని వచ్చి అరిచింది. రెల్లులోంచి ఆడపక్షి లేచింది. మగది పైన, ఆడది కింద. మగది పట్టు వదిలేసింది. ఆడది గాల్లోనే వెల్లకిలా తిరిగి, కాళ్లు పైకి చాచి, పడుతున్న ఎరను అందుకుని గూటి వైపు దిగిపోయింది. అంతా రెప్పపాటులో. గదిలో అందరం ఒక్కసారి ఊపిరి వదిలాం.

పురుగుమందుల విషం తిండిలో చేరి ఈ గద్దల గుడ్లు చెడిపోయిన రోజుల్లో, 1971లో, బ్రిటన్ మొత్తానికి గూడు పెట్టిన జంట ఒక్కటే మిగిలింది. ఆ జంట ఉన్నది ఈ మిన్స్‌మియర్‌లోనే. ఆ మందుల వాడకం ఆగింది. గూళ్లకు కాపలా పెట్టారు. ఇప్పుడు వందల జంటలున్నాయి. మిరప చేలకు మందు కొట్టే ఊళ్ల మధ్య పెరిగినదాన్ని, ఆ మాట విని కాసేపు ఏమీ అనలేకపోయాను.

మధ్యాహ్నం భోజనానికి టిక్కెట్ల గది దగ్గరి కాఫీ హోటల్‌కి తిరిగొచ్చాం. చీజ్ స్కోన్ అని ఒక ఉప్పటి రొట్టె, వేడిగా, వెన్న రాసి ఇచ్చారు. టీలోకి పాలు విడిగా ఇస్తారు, మనకు కావలసినంత పోసుకోవచ్చు. రొట్టె బాగుంది. కానీ మే నెలలో కూడా ఆ సముద్రపు గాలికి చేతులు గడ్డకట్టుకుపోతుంటే మనసు మిరపకాయ బజ్జీ మీదికి పోయింది. మా మేనకోడలు సంచిలోంచి పులిహోర డబ్బా తీసింది. దారి చూపిన ఆ జంట పక్క బల్ల దగ్గరే ఉన్నారు. ఇస్తే మొహమాటం లేకుండా తీసుకున్నారు. ఆయన ఎండుమిరపకాయ కూడా నమిలేసి, కళ్లు తుడుచుకుంటూ ఇంకొంచెం అడిగాడు. ఆయన ఇక్కడ జీతం లేకుండా పనిచేసే కార్యకర్తల్లో ఒకరని అప్పుడు తెలిసింది. "మధ్యాహ్నం నాతో రండి, స్క్రేప్ చూపిస్తాను" అన్నాడు.

స్క్రేప్ అంటే సముద్రం పక్కన లోతు తక్కువ ఉప్పునీటి మడుగు, దాని నిండా చిన్న చిన్న దీవులు. హైడ్ తలుపు తెరవగానే ముందు వచ్చిపడింది గోల. వందల కొద్దీ నల్లతల గల్‌లు, వాటి మధ్య సూదిగా రెక్కలున్న టెర్న్లు, అన్నీ గులకరాళ్ల మీదే గూళ్లు పెట్టుకుని, ఒకరి హద్దులోకి ఒకరు వస్తే అరుచుకుంటున్నాయి. ఉప్పలపాడు గోలకి ఏమాత్రం తీసిపోదు. అక్కడికొచ్చాకే నాకు ఇంటికొచ్చినట్టు అనిపించింది.

వాటి మధ్యలో ఆవోసెట్లు. తెల్లటి ఒళ్లు, నల్లటి గీతలు, నీలిబూడిద రంగు పొడవాటి కాళ్లు, కొన పైకి వంగిన సన్నటి ముక్కు. ఆ ముక్కును నీళ్లలో పెట్టి అటూ ఇటూ ఊపుతూ నడుస్తాయి, తగిలిన పురుగును పట్టేస్తాయి. చలికాలంలో పులికాట్‌లో వీటిని ఎవరైనా చూడొచ్చు, అక్కడ ప్రశాంతంగా తిరుగుతాయి. ఇక్కడ మాత్రం వేరే పక్షి అయిపోయాయి. ఒక ఆవోసెట్ నేల మీద గుంటలో కూర్చుని పొదుగుతోంది. మామూలుగా నాలుగు గుడ్లు పెడతాయట. పెద్ద బాతు ఒకటి ఏమీ ఎరగనట్టు ఆ పక్కగా నడిచింది. ఆవోసెట్ జోడీ మెడ కిందికి దించి బాతు మీదికి పరుగెత్తింది. తనకంటే ఎంతో బరువున్న బాతు ఎగిరి పారిపోయింది.

అవతలి గట్టు మీద తలకు పింఛం, ఆకుపచ్చ మెరుపు రెక్కలు ఉన్న పక్షి ఒకటి ఆకాశంలోకి ఎగిరి, ఒళ్లు వదిలేసినట్టు పల్టీలు కొడుతూ కిందికి జారి, నేలను తాకబోతూ మళ్లీ లేచింది. లాప్‌వింగ్, మన తీతువుకి అక్క. మనవాళ్లు తీతువు అరిస్తే అశుభమంటారు. మా అమ్మమ్మ వెంటనే లోపలికి రమ్మనేది. ఇక్కడ దాని పల్టీలు చూడటానికి జనం మైళ్లు నడిచి వస్తున్నారు. అది అరిచేది గుడ్ల మీదికి ఎవరూ రాకూడదనేనని ఆయన చెప్పాడు. అమ్మమ్మ ఉంటే ఈ మాట చెప్పేదాన్ని.

నన్ను పొద్దుటి నుంచి తొలుస్తున్న ప్రశ్న అప్పుడడిగాను. మన దగ్గర నేలపట్టులో గానీ, తేలినీలాపురంలో గానీ పక్షులు గూళ్లు పెట్టేది వానలు పడి చెరువులు నిండాక. మే నెలలో చెరువులు ఎండుతాయి, పిల్లలు రెక్కలొచ్చి వెళ్లిపోతాయి. మీకు సరిగ్గా మేలోనే ఎందుకు మొదలవుతుంది?

ఆయన ఆకాశం వైపు చూపించాడు. వెలుతురు. మే మొదట్లో ఇక్కడ పొద్దు అయిదుంబావుకి పొడుస్తుంది, రాత్రి ఎనిమిది దాటితే గానీ కుంకదు. పదిహేను గంటల పగలు. ఎండ వేడికి మడుగుల్లో, రెల్లులో పురుగులు పుట్టుకొస్తాయి. పిల్లలకు మేత తేవడానికి తల్లిదండ్రులకు అంత పొడుగు పగలు దొరుకుతుంది. మన పక్షులకు వసంతం నీళ్లతో వస్తుంది, ఇక్కడి పక్షులకు వెలుతురుతో వస్తుంది. రెండుచోట్లా లెక్క ఒకటే: పిల్ల నోరు తెరిచే రోజుకి తిండి సిద్ధంగా ఉండాలి. ఇన్నేళ్లుగా గూళ్లు చూస్తున్నా, క్యాలెండర్ చూడని పక్షి దేన్ని చూసి గూడు మొదలుపెడుతుందో నాకు ఆ హైడ్‌లో కూర్చున్నాకే బోధపడింది.

"కానీ వెలుతురు ఒక్కటే సరిపోదు" అని ఆయన అసలు కథ మొదలుపెట్టాడు. ఒకప్పుడు ఈ తీరమంతా పశువుల మేత కోసం ఎండబెట్టిన నేల. చిత్తడి పోవడం, గుడ్లు ఏరుకోవడం, తుపాకుల వేట అన్నీ కలిసి ఆవోసెట్ బ్రిటన్‌లో వందేళ్ల పాటు గూడు పెట్టకుండా పోయింది. 1940లో జర్మన్లు ఈ ఒడ్డున దిగుతారన్న భయంతో ఈ నేలను కావాలని ముంచేశారు. యుద్ధం అయిపోయింది, నీళ్లు మిగిలాయి. 1947లో ఆవోసెట్లు వాటంతటవే వచ్చి ఇక్కడా, దగ్గర్లోని హావర్‌గేట్ దీవిలోనూ గూళ్లు పెట్టాయి. అదే ఏడు మిన్స్‌మియర్ బాధ్యత ఆర్‌ఎస్‌పీబీ చేతికొచ్చింది. ఆ సంఘం గుర్తు ఇప్పుడు ఆవోసెట్టే.

అయితే వచ్చిన పక్షి ఉండిపోవాలిగా. నీళ్లు తగ్గాక రెల్లు కమ్ముకుంది, ఆవోసెట్లు ఇక్కడ గూళ్లు మానేశాయి. 1959 నుంచి ఇక్కడ వార్డెన్‌గా పనిచేసిన బెర్ట్ ఆక్సెల్, 1960ల్లో ఈ మడుగును తవ్వించి, దీవులు పోయించి, వాటి మీద గులకరాళ్లు పరిపించాడు. నేను సముద్రం చేసిందనుకున్న ఈ మడుగంతా మనుషులు చేసింది. నీటి మట్టాన్ని తూముల పలకలు వేసీ తీసీ సరిచేస్తారు. ఉప్పు ఎంత ఉండాలో చూస్తారు. పక్షులు వెళ్లిపోయాక దీవుల మీద మొలిచిన కలుపు పీకుతారు, రెల్లును వంతులవారీగా కోస్తారు. నక్కలు రాకుండా చుట్టూ కరెంటు కంచె. పచ్చిక పెరగకుండా కోనిక్ జాతి పొట్టి గుర్రాల్ని వదులుతారు. ఆయన అరచేతులు చూపించాడు, కాయలు కాసి ఉన్నాయి. "చలికాలమంతా మా వసంతం ఇదే" అన్నాడు.

వింటుంటే ఆటపాక కళ్ల ముందుకొచ్చింది. కొల్లేరు గట్టున గూడబాతుల కోసం మన అటవీశాఖ నీళ్లలో ఇనుప స్టాండ్లు పాతింది. చెట్లు చాలని చోట వాటి మీదే గూళ్లు పెట్టుకుంటాయి. మొదట చూసినప్పుడు ఇనుము మీద గూడేమిటి అనిపించింది. స్క్రేప్ చూశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. చోటు చేసిపెట్టడమూ ప్రేమే.

సాయంత్రం ఆయనతో కలిసి ఒడ్డు వెంట దక్షిణానికి నడిచాం. గులకరాళ్లలో కాళ్లు కూరుకుపోతాయి, గట్టి బూట్లు వేసుకోండి. ఒడ్డున ఇంకా యుద్ధకాలపు కాంక్రీటు దిమ్మెలు వరసగా ఉన్నాయి, టాంకుల్ని ఆపడానికి పెట్టినవి. తూము దాటాక పాత చర్చి గోడలు కొన్ని మిగిలాయి. 1182లో సన్యాసులు కట్టుకుంటే, వరదలు పడలేక 1363లో లోపలికి వెళ్లిపోయారు. ఆ శిథిలాల్లో యుద్ధంలో తుపాకుల గూడు ఒకటి దాచి కట్టారు. ప్రార్థన మందిరం, దానిలో తుపాకుల గది, చుట్టూ ఇప్పుడు పక్షుల గూళ్లు.

తలెత్తితే ఎదురుగా పెద్ద తెల్లటి గుమ్మటం. సైజ్‌వెల్ అణు విద్యుత్ కేంద్రం. పులికాట్ పక్కన శ్రీహరికోట లాగే, పక్షుల పొరుగున దేశపు పెద్ద యంత్రం. దాని పక్కనే ఇంకో కొత్త కేంద్రం కడుతున్నారు, క్రేన్లు కనిపిస్తున్నాయి. పక్షుల మీద, నీటి మీద దాని ప్రభావం ఏమిటోనని ఇక్కడివాళ్లు గట్టిగా అభ్యంతరం చెప్పారు. ఆ మాటలు వచ్చినప్పుడు ఆయన మొహంలో చిరునవ్వు పోయింది. సముద్రంలో నిలబడిన పాత విద్యుత్ కేంద్రపు ఇనుప కట్టడాల మీద కిట్టీవేక్ అనే గల్‌లు గూళ్లు పెట్టుకున్నాయి. చోటు దొరికితే పక్షి ఎవరు కట్టారని అడగదు.

వెళ్లేవాళ్లకి నా మాట: ఏప్రిల్ చివర్నుంచి జూన్ దాకా మంచి కాలం. పొద్దున్నే వెళ్లండి, పాటలు అప్పుడే ఎక్కువ. మే నెలే కదా అని చీర మీద శాలువాతో వెళ్లకండి, గాలి ఆపే కోటు తప్పనిసరి. టాక్సీ వెనక్కి రావడానికీ చెప్పి ఉంచుకోండి. హైడ్‌లో పక్కవాళ్లని అడగడానికి మొహమాటపడకండి. అంత నెమ్మదిగా ఉండేవాళ్లు పక్షి పేరడిగితే చాలు, పదినిమిషాలు చెబుతారు, తమ టెలిస్కోపు మీ కంటి ఎత్తుకు దించి చూపిస్తారు.

అంత దూరం వెళ్లే వీల్లేనివాళ్లకి కూడా ఒక మాట. నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు నేలపట్టుకో, ఆటపాకకో, ఉప్పలపాడుకో, తేలినీలాపురానికో పిల్లల్ని తీసుకుని వెళ్లండి. మన గూళ్లకి టెలిస్కోపు కూడా అక్కర్లేదు. మిన్స్‌మియర్‌కి జీతమిచ్చే సంఘముంది, కాయలు కాసిన చేతులున్నాయి. మనకి ఊరి జనం మంచితనం ఉంది. చిలమత్తూరు దగ్గర వీరాపురంలో ఇళ్ల మధ్య చింతచెట్ల మీద కొంగలు గూళ్లు పెడితే, పుట్టింటికి పురుటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. అయినా చెరువు ఎండిన ఏళ్లలో ఆ ఆడపిల్లలు రావడం తగ్గింది. ప్రేమ ఉన్నా నీళ్లు లేకపోతే గూడు నిలవదు. అందుకని పక్షుల్ని చూసి ఫోటోలు తీసుకున్నాక ఊళ్లోవాళ్లని ఒక్క ప్రశ్న అడగండి: ఈ చెరువుకి నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తాయి, వచ్చే ఏడు కూడా వస్తాయా?